విడాకుల్లో ఫ్లాట్, బంగారం, అప్పులు: అమ్మేయాలా, ఒకరు ఉంచుకోవాలా, ఉమ్మడిగా వదిలేయాలా

విడాకులు అనుకోగానే ఇంట్లో వాళ్ళు అడిగే మొదటి మాట "మరి ఫ్లాట్ ఎవరికి?" అని. నా విషయంలోనూ అంతే, మా అమ్మ అడిగింది, మా అన్నయ్య అడిగాడు, లాయర్ గారు కూడా ముందు అదే అడిగారు. లోన్ ఎవరి పేరు మీద ఉంది అని ఒక్కళ్ళు కూడా అడగలేదు. అడిగింది బ్యాంకులో లోన్ సెక్షన్‌లో కూర్చున్న ఒకాయన, అది కూడా కోర్టులో మొదటి మోషన్, అంటే ఇద్దరం కలిసి విడాకులు అడిగిన మొదటి వాయిదా, అయిపోయిన రెండు వారాలకి. నేను ఎంఓయూ, అంటే మేమిద్దరం రాసుకున్న విడాకుల ఒప్పందం, చూపించి "సర్, ఇకనుంచి ఈఎంఐ అంతా మా ఆయనే కట్టుకుంటారని ఇక్కడ రాసుకున్నాం, నా పేరు తీసెయ్యండి" అన్నాను. ఆయన ఆ పేజీ మొత్తం చదివి, మళ్ళీ మడిచి నా చేతికే ఇచ్చి, "మేడం, ఇది మీరిద్దరూ రాసుకున్నది, దీంట్లో బ్యాంకు సంతకం లేదు కదా, మా దగ్గరున్న కాయితం మీద ఇద్దరి సంతకాలు ఉన్నాయి, ఆయన కట్టకపోతే మిమ్మల్నే అడుగుతాం" అన్నారు. చాలా మర్యాదగా చెప్పారు, తప్పు కూడా ఏం చెప్పలేదు.

అప్పట్నుంచి ఎవరు నన్ను సలహా అడిగినా నేను చెప్పేది ఒకటే, ఆస్తి కన్నా ముందు అప్పు పంచుకోండి. అప్పు ఎవరి మెడకి ఉండబోతుందో తేలితే, ఫ్లాట్ ఎవరు ఉంచుకోవాలో సగం దానంతట అదే తేలిపోద్ది.

ఇక్కడ రాసేది ఎక్కువగా హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లో ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ, ఒక ఫ్లాటూ దాని మీద జాయింట్ హోమ్ లోనూ ఉన్న వాళ్ళ కోసం, అదీ హిందూ వివాహ చట్టం కింద మ్యూచువల్‌గా, అంటే ఇద్దరూ ఒప్పుకుని, వెళ్దాం అనుకునే వాళ్ళ కోసం. క్రిస్టియన్లకి, ముస్లింలకి, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ వాళ్ళకి విడాకుల సెక్షన్లు వేరే ఉంటాయి. కానీ లోన్ గురించి, బ్యాంకు గురించి చెప్పేది మాత్రం అందరికీ ఒకటే.

సగం సగం అనే రూల్ మన దగ్గర లేదు

చాలామంది, ముఖ్యంగా అమెరికా వార్తలు చూసి, విడాకులైతే భర్త ఆస్తిలో సగం భార్యకి వచ్చేస్తుంది అనుకుంటారు, భర్తలు కూడా అదే భయంతో ముందే ప్లాట్లు తమ్ముడి పేరు మీదకి మార్చేస్తుంటారు. అలాంటి చట్టం మన రాష్ట్రాల్లో లేదు. గోవాలో పోర్చుగీసు కాలం నుంచి వస్తున్న సివిల్ కోడ్ ఉంది, అక్కడ పెళ్ళితో ఆస్తి ఉమ్మడి అవుతుంది. మన దగ్గర మాత్రం డాక్యుమెంట్ ఎవరి పేరు మీద ఉంటే ఆస్తి వాళ్ళది, అక్కడ్నుంచి మొదలు. ఇద్దరి పేర్లూ ఉండి, సేల్ డీడ్‌లో ఎవరి వాటా ఎంతో రాయకపోతే చెరి సగం అనే లెక్కతో మొదలవుద్ది, కాదు నేనే ఎక్కువ కట్టాను అనేవాళ్ళు బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టి చూపించుకోవాలి. పెళ్ళి సమయంలో ఇద్దరికీ కలిపి వచ్చిన సామాను, కానుకల గురించి మాత్రం హిందూ వివాహ చట్టం సెక్షన్ 27 కింద ఫ్యామిలీ కోర్టు విడాకుల డిక్రీలోనే తేల్చొచ్చు.

భర్త పేరు మీదున్న ప్లాట్‌లో భార్యకి నేరుగా వాటా రాకపోయినా అది లెక్కలో లేకుండా పోదు, భరణం ఎంత అని తేల్చేటప్పుడు కోర్టు అతని ఆస్తులన్నీ చూస్తుంది. 2020 నవంబర్‌లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు మెయింటెనెన్స్ కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వెయ్యాల్సిందే అని చెప్పింది. మీరు మ్యూచువల్‌కి వెళ్తున్నా సరే, ఆ అఫిడవిట్ ఫార్మాట్ తెచ్చుకుని ఇద్దరూ ఇంట్లో కూర్చుని నింపండి. జీతం, పీఎఫ్, మ్యూచువల్ ఫండ్స్, షేర్లు, ప్లాట్లు, కార్డు బాకీలు, అన్నిటికీ దాంట్లో గడులు ఉంటాయి, దాచడానికి చోటు తక్కువ. మేం నింపినప్పుడే నాకు తెలిసింది ఆయనకి రెండు పర్సనల్ లోన్లు ఉన్నాయని, ఆయనకి తెలిసింది నేను ఆఫీసు ఫ్రెండ్స్‌తో ఒక చిట్టీ నడుపుతున్నానని.

అత్తగారి పేరు మీద, మామగారి పేరు మీద ఉన్న ఇంట్లో కోడలికి వాటా ఉండదు. కాపురం చేసిన ఇల్లయితే అక్కడ ఉండే హక్కు గృహహింస చట్టం కింద అడగొచ్చు, 2020లో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది, కానీ ఉండే హక్కు వేరు, వాటా వేరు. అలాగే తాతల నాటి పొలంలో భర్త బతికుండగా భార్యకి వాటా లేదు, పిల్లలకి ఉంటుంది, ఆడపిల్లకి కూడా. విడాకులతో పిల్లల ఆ హక్కు పోదు, ఈ ఒక్క ముక్క చాలామంది మర్చిపోయి "మాకూ వాళ్ళకీ ఇక ఏ సంబంధం లేదు" అని గుడ్డిగా రాసేసి సంతకం పెడుతున్నారు. పిల్లల తరఫున ఏదీ వదులుకుంటున్నట్టు రాయకండి.

ఇప్పుడు ఫ్లాట్ సంగతి, ఒక లెక్క పెట్టుకుందాం

లెక్క కోసం ఒక ఫ్లాట్ అనుకుందాం, 2018లో 68 లక్షలకి కొన్నారు, ఇప్పుడు 1 కోటి 10 లక్షలు పలుకుతోంది, లోన్ ఇంకా 46 లక్షలు ఉంది. అంటే నిజంగా పంచుకోవాల్సింది కోటీ పది కాదు, 64 లక్షలు. ఈ తీసివేత చెయ్యకుండా "కోటి రూపాయల ఫ్లాట్ నీకు వదిలేశాను" అనే మాటలు పంచాయితీల్లో ఎన్నిసార్లు విన్నానో.

మొదటి దారి, అమ్మేసి పంచుకోవడం. బ్రోకర్‌కి ఒక శాతం చొప్పున లక్షా పది వేలు పోతుంది. లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ ఉంటుంది. 2024 జులై 23కి ముందు కొన్న ఇళ్ళకి ఇండియాలో ఉండే వ్యక్తులు రెండు రకాలుగా లెక్క వేసుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చు, ఇండెక్సేషన్, అంటే పెరిగిన ధరలకి తగ్గట్టు కొన్న రేటుని పెంచి లెక్కెయ్యడం, లేకుండా 12.5 శాతం, లేదా ఇండెక్సేషన్‌తో 20 శాతం. మన లెక్కలో మొదటిదైతే ఐదు లక్షల పైన, రెండోదైతే సెస్‌తో కలిపి నాలుగు లక్షల లోపు వస్తుంది, అది ఇద్దరికీ కలిపి, ఎవరి సగం మీద వాళ్ళు కట్టుకుంటారు. అన్నీ పోను చెరో 29 లక్షల పైచిలుకు చేతికొస్తుంది. లోన్ మూతపడుద్ది, సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే మన అప్పుల రికార్డులో, ఇద్దరికీ క్లోజ్డ్ అని పడుద్ది, మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూడాల్సిన పని లేదు.

నష్టం ఏంటంటే తొందర. విడాకుల వాళ్ళ ఫ్లాట్ అని తెలిసిందంటే కొనేవాళ్ళు పది లక్షలు తగ్గించి అడుగుతారు. కాబట్టి బ్రోకర్‌కి కారణం చెప్పక్కర్లేదు, "ఊరు మారుతున్నాం" అంటే చాలు. ఇంకా ఒకటి, ఎంఓయూలో "ఫ్లాట్ అమ్మి పంచుకోవాలి" అని ఊరికే రాస్తే అవ్వదు, ఎంతకి తక్కువ అమ్మకూడదు, ఏ తేదీలోపు, అప్పటిదాకా ఈఎంఐ ఎవరు కడతారు, ఎవరైనా సంతకానికి రాకపోతే ఏంటి, ఇవన్నీ రాయాలి. రెండో మోషన్, అంటే డిక్రీకి ముందు ఇద్దరూ కోర్టులో మళ్ళీ ఒప్పుకునే రోజు, దాని లోపే అమ్మకం అయిపోతే ఇంకా మేలు, ఆ తర్వాత అవతలి మనిషికి రిజిస్ట్రార్ ఆఫీసుకి రావాల్సిన తొందరేమీ ఉండదు.

రెండో దారి, ఒకరు ఉంచుకుని రెండోవాళ్ళకి డబ్బు ఇచ్చెయ్యడం. పిల్లల స్కూల్ పక్కనే ఉంటే, ఆ గేటెడ్ కమ్యూనిటీలో వాళ్ళకి ఫ్రెండ్స్ ఉంటే, మనసుకి ఇదే నచ్చుద్ది, నాకూ ఇదే నచ్చింది. కానీ లెక్క చూడండి. భార్య ఉంచుకుంటుంది అనుకుంటే భర్త సగం, 32 లక్షలు, ఆమె అతనికి ఇవ్వాలి, 46 లక్షల లోన్ తన ఒక్కదాని పేరు మీదకి తెచ్చుకోవాలి. రెండూ లోన్‌తోనే అంటే 78 లక్షలు, 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళకి ఈఎంఐ 67 వేల పైన. బ్యాంకులు మామూలుగా చేతికొచ్చే జీతంలో సగం దాటి ఈఎంఐకి ఒప్పుకోవు, అంటే లక్షా ముప్పై ఐదు వేలన్నా జీతం ఉండాలి. అంత లేకపోతే భరణంతో సర్దుకోవాలి. ఆయన ఆమెకి వన్ టైమ్ సెటిల్‌మెంట్ కింద 25 లక్షలు ఇవ్వాలని ఒప్పుకున్నారనుకోండి, ఆమె ఇవ్వాల్సిన 32లోంచి అది పోతే ఏడు లక్షలే తేడా, లోన్ 53 లక్షలు, ఈఎంఐ 46 వేలు. ఇది మొయ్యగలిగిన బరువే, తొంభై ఐదు వేలు జీతం వచ్చే మనిషికి.

ఇక్కడ వరస తప్పితే మొత్తం తప్పుద్ది. నేను తప్పాను కాబట్టి చెప్తున్నా. ముందు బ్యాంకుకి వెళ్ళండి, కోర్టుకి తర్వాత. ఉన్న బ్యాంకు ఒకరి పేరు తీసెయ్యడానికి ఒప్పుకుంటుందా, లేదంటే వేరే బ్యాంకు మీ ఒక్కరి జీతం మీద లోన్ టేకోవర్ చేస్తుందా కనుక్కుని శాంక్షన్ లెటర్ చేతిలో పెట్టుకోండి. ఆ తర్వాత ఎంఓయూలో ఆ బ్యాంకు, ఆ లోన్ అకౌంట్, ఫలానా తేదీ లోపు రెండోవాళ్ళ పేరు తీసెయ్యాలి అని రాయండి. ఆ తర్వాత రిలీజ్ డీడ్, అంటే హక్కు విడుదల దస్తావేజు, సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించాలి. నోటరీ చేయించిన కాయితం పనికి రాదు, స్థిరాస్తి హక్కు మారాలంటే రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

రిజిస్ట్రేషన్ విడాకుల డిక్రీకి ముందు చేయించుకోవాలా, తర్వాతా అని అడుగుతారు. నా సలహా అయితే మొదటి మోషన్‌కీ రెండో మోషన్‌కీ మధ్యలో. ఒక కారణం ఖర్చు. మామూలు అమ్మకం డీడ్ అయితే తెలంగాణలోనూ ఆంధ్రలోనూ స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి సుమారు 7.5 శాతం దాకా పడుద్ది, కుటుంబ సభ్యుల మధ్య దస్తావేజులకి తక్కువ ఉంటుంది, డిక్రీ వచ్చాక మీరు కుటుంబ సభ్యులు కారు. ఇంకో కారణం ఇన్‌కమ్ ట్యాక్స్. భార్యాభర్తల మధ్య ఇచ్చిపుచ్చుకున్న ఆస్తిని పుచ్చుకున్నవాళ్ళ ఆదాయం కింద లెక్క వెయ్యరు, మాజీ భార్యాభర్తలకి ఆ బంధుత్వం ఉండదు. మామూలుగా భార్యకి ఊరికే రాసిచ్చిన ఆస్తి మీద వచ్చే అద్దె భర్త ఆదాయంలోనే కలుపుతారు, కానీ విడిగా బతకడానికి చేసుకున్న ఒప్పందంలో భాగంగా రాసిస్తే కలపరు, అందుకే డీడ్‌లో ఆ మాట, ఆ ఒప్పందం తేదీ రాయించండి. సీఏకి రెండు వేలు ఇచ్చినా సరే డ్రాఫ్ట్ ఒకసారి చూపించండి.

మూడో దారి, ఇద్దరి పేర్ల మీదే వదిలేసి అద్దెకివ్వడం, లేదా పాప పదో తరగతి అయ్యేదాకా ఒకరు ఉండటం. వినడానికి బాగుంటుంది, గొడవ వాయిదా పడుద్ది. నేను దీనికి వ్యతిరేకం, ఎందుకో చెప్తాను. ఆ లోన్ ఇద్దరి సిబిల్‌లోనూ అలాగే కూర్చుంటుంది, ఆయన మూడు నెలలు కట్టకపోతే మీ స్కోరు పోద్ది, మీరు ఇంకో ఇల్లు కొనుక్కోవాలంటే పాత ఈఎంఐ మొత్తం మీ ఖాతాలోనే లెక్కేసి తక్కువ లోన్ ఇస్తారు. అంతకన్నా పెద్ద విషయం, ఇద్దరిలో ఒకరికి ఏమన్నా జరిగితే. విడాకుల తర్వాత ఆయన పోతే ఆయన వాటా మీకు రాదు, వాళ్ళ అమ్మగారికి, పిల్లలకి, ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆవిడకి కూడా పోద్ది. అప్పుడు ఫ్లాట్ అమ్మాలంటే మీరు మాజీ అత్తగారి సంతకం కోసం తిరగాలి.

ఇది పనికొచ్చే సందర్భం ఒక్కటే నాకు కనపడుద్ది, ఫ్లాట్ ఇంకా హ్యాండోవర్ అవ్వలేదు, ఇప్పుడు అమ్మితే బాగా నష్టం, ఒక ఏడాది ఏడాదిన్నర ఆగితే రేటు వస్తుంది అన్నప్పుడు. అప్పుడు కూడా రెండేళ్ళు మించి పెట్టుకోకండి, ఆ తేదీ వచ్చాక ఎవరు ఎంతకి కొనుక్కోవచ్చో లేదా ఎలా అమ్మాలో ముందే రాసుకోండి, అద్దె వేరే అకౌంట్‌లో పడి అక్కడ్నుంచే ఈఎంఐ వెళ్ళేలా చేస్కోండి.

ఇంకో దారి మన పెద్దమనుషులకి బాగా ఇష్టం, "ఎవరికీ వద్దు, పిల్లల పేరు మీద రాసెయ్యండి" అంటారు. న్యాయంగానే అనిపిస్తుంది. కానీ లోన్ ఉన్న ఫ్లాట్‌ని పిల్లల పేరు మీద రాయనివ్వడానికి బ్యాంకు ఒప్పుకోదు, రాసినా తర్వాత పిల్లల కాలేజీ ఫీజుకే ఆ ఇల్లు అమ్మాల్సి వచ్చినా మైనర్ ఆస్తి కాబట్టి కోర్టు పర్మిషన్ తెచ్చుకోవాలి, అది నెలల పని. లోన్ లేని సొంత ఇల్లయితే మాత్రం ఇది మంచి దారి, తల్లికి జీవితకాలం ఉండే హక్కు, తర్వాత పిల్లలకి పూర్తి హక్కు అని సెటిల్‌మెంట్ డీడ్ రాయించుకుంటే ఇద్దరికీ మనశ్శాంతి.

బంగారం

దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మా ఇంట్లో ఫ్లాట్ కన్నా ఎక్కువ కన్నీళ్ళు దీనికే అయ్యాయి. ఖమ్మంలో మా అమ్మ వాళ్ళింట్లో చాప మీద పెళ్ళి ఆల్బమ్ పరిచి కూర్చున్నాం, నేను, అమ్మ, మా పిన్ని. అమ్మ ఒక్కో ఫోటో మీద వేలు పెట్టి చెప్తోంది, ఇది కాసులపేరు ఆరు తులాలు, ఇది వడ్డాణం పన్నెండు, ఈ అరవంకీలు మీ అమ్మమ్మవి, ఇవి తూకం తెలీదు. పిన్ని ఒక స్కూల్ నోట్‌బుక్‌లో రాస్తోంది. మొత్తం ముప్పై ఎనిమిది తులాలు తేలింది. కానీ నా దగ్గర, లాకర్‌లో, అత్తగారి బీరువాలో ఉన్నవన్నీ కలిపినా ముప్పై ఒకటే. ఆ ఏడు తులాలు ఎక్కడున్నాయని రెండు రోజులు వెతికితే, నాలుగు తులాలు ఆయన పేరు మీద గోల్డ్ లోన్‌లో ఉన్నాయి, మూడు తులాలు కరిగించి మా పాపకి గొలుసు, గాజులు నేనే చేయించాను. కరిగించింది నేనే అన్న విషయం నాకే గుర్తులేదు. అప్పటిదాకా ఆ ఏడూ మా అత్తగారు తీశారని నేను అనుకుంటూ ఉన్నాను.

చట్టం ఇక్కడ చాలా స్పష్టం. అమ్మాయికి పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు, చుట్టాలు పెళ్ళిలో, ముందూ వెనకా పెట్టినవన్నీ స్త్రీధనం, 1985 ప్రతిభారాణి కేసు నుంచి సుప్రీంకోర్టు ఇదే చెప్తోంది, అది పూర్తిగా ఆమెదే, భర్తకి వాటా లేదు. కష్టకాలంలో భర్త వాడుకోవచ్చు కానీ తిరిగి ఇచ్చెయ్యాలి. పసుపు కుంకుమ కింద నాన్న రాసిచ్చిన ఎకరం కూడా ఆమె సొంతమే. 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో ఇంకో మాట కూడా చెప్పారు, కూతురు అడగమని అధికారం ఇవ్వకుండా తండ్రి కూడా అత్తింటివాళ్ళని స్త్రీధనం అడగలేడు అని. ఆమెది అంటే ఆమెదే, పుట్టింటిది కూడా కాదు. కట్నం కింద అత్తింటివాళ్ళు తీసుకున్నది కూడా వరకట్న నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి తిరిగి చేరాల్సిందే.

కాబట్టి బంగారాన్ని పంచుకునే ఆస్తిలో కలపకండి. "నీ బంగారం నీకు ఇస్తున్నాను కదా, భరణం ఐదు లక్షలు తగ్గించుకో" అనే బేరానికి ఒప్పుకోవద్దు, ఎవరి వస్తువు వాళ్ళకి ఇవ్వడం భరణం కాదు. తిరిగి తీసుకునేటప్పుడు డబ్బా, వస్తువా అంటే వస్తువే అడగండి. 2016లో పది గ్రాములు 30 వేల చుట్టుపక్కల ఉండేది, 2025లో లక్ష దాటింది, పాత బిల్లులో ఉన్న రేటు కట్టి ఇస్తాం అంటే మూడింట రెండు వంతులు పోయినట్టే. వస్తువు లేకపోతే గ్రాముల్లో రాయించండి, ఇచ్చే రోజు రేటుకి అని. కుదువలో ఉన్న నాలుగు తులాల గోల్డ్ లోన్ ఆయనే కట్టి విడిపించి, రెండో మోషన్ రోజు తెచ్చివ్వాలని మేం రాసుకున్నాం, తెచ్చిచ్చారు కూడా. ఆయన వైపు వాళ్ళు పెట్టిన వజ్రాల ఉంగరం నేను తిరిగి ఇచ్చేశాను, చట్టప్రకారం ఇవ్వక్కర్లేదని లాయర్ గారు చెప్పారు, కానీ అది వాళ్ళ నానమ్మది, ఉంచుకోవాలనిపించలేదు.

మిగతా అప్పులు

హోమ్ లోన్ కాక మిగతా అప్పులకి నేను వాడే కొలత ఒకటే, ఎవరి సంతకం ఉంది అని కాదు, ఆ డబ్బు దేనికి పోయింది అని. బ్యాంకు సంతకం చూస్తుంది, మీరిద్దరూ మాత్రం ఖర్చు చూడాలి. పాప పుట్టినప్పుడు ఆస్పత్రికి గీకిన కార్డు ఆమె పేరు మీదున్నా ఇద్దరిదీ. ఆడపడుచు పెళ్ళికి తీసిన ఆరు లక్షల పర్సనల్ లోన్ ఆయనది, మా తమ్ముడి ఎంటెక్‌కి నేను తీసింది నాది. విడిగా ఉండటం మొదలైన తేదీ ఒకటి ఒప్పుకుని, ఆ తర్వాత తీసినవి ఎవరివి వాళ్ళవి. ఇద్దరివీ అని తేలినవాటిని ఎఫ్‌డీలు పగలగొట్టి అయినా డిక్రీకి ముందే తీర్చెయ్యండి, "నువ్వు నెలనెలా నాకు పంపు, నేను కడతాను" అనేది ఆరు నెలలు కూడా నడవదు.

బయటి అప్పులు ఇంకా జాగ్రత్త. ప్రోనోటు మీద రూపాయిన్నర వడ్డీకి, రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి, అంటే ఏడాదికి 18, 24 శాతం, అన్నిటికన్నా ముందు ఇవే తీర్చాలి, లేటయ్యే కొద్దీ ఫ్లాట్‌లో వచ్చే వాటా ఇవే తినేస్తాయి. విడిపోయే టైమ్‌లో ఒక్కోసారి ఎప్పుడూ వినని ప్రోనోటు బయటికొస్తుంది, మామగారి స్నేహితుడి దగ్గర మూడేళ్ళ కింద నాలుగు లక్షలు తెచ్చామని. డబ్బు ఏ అకౌంట్‌లో పడిందో చూపించమనండి. ప్రోనోటుకి కాలపరిమితి మూడేళ్ళు, తిరగరాయమని కొత్త తేదీ వేసి సంతకం పెట్టమంటే పెట్టొద్దు. చిట్టీలో ఎవరికైనా ష్యూరిటీ సంతకం పెట్టారేమో గుర్తు చేసుకోండి, అది సిబిల్ రిపోర్ట్‌లో కనపడకపోవచ్చు. యాడ్ ఆన్ కార్డులు ఈ రోజే బ్లాక్ చేయించండి, ఎవరు గీకినా బిల్లు మెయిన్ కార్డు వాళ్ళకే వస్తుంది.

ఒకేసారి తీసుకోవాలా, నెలనెలా తీసుకోవాలా

25 లక్షలు ఒకేసారి, లేదా నెలకి 20 వేలు, ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. 25 లక్షలు 7 శాతానికి ఎఫ్‌డీ వేస్తే నెలకి 14,500 వస్తుంది, అసలు అలాగే ఉంటుంది. నెలకి 20 వేలు అంటే ఆ 25 లక్షలు పదేళ్ళ పైన పడుతుంది చేతికి రావడానికి, ఈలోపు ధరలు పెరుగుతాయి. నెలనెలా వచ్చేదాన్ని ఆదాయం కింద చూసి ట్యాక్స్ వేస్తారు, ఒకేసారి వచ్చిన భరణాన్ని మామూలుగా ఆదాయంగా చూడరు. అన్నిటికన్నా ముఖ్యం, ఆయన మానేస్తే వసూలుకి మళ్ళీ కోర్టు, మళ్ళీ వాయిదాలు. నేనైతే ఒకేసారి తీసుకోమంటాను. ఉద్యోగం లేని, పెద్ద వయసు ఆడవాళ్ళకి మాత్రం నెలనెలా కూడా ఉండాలి, ఎందుకంటే పరిస్థితులు మారితే దాన్ని పెంచమని అడగొచ్చు, ఒకేసారి తీసుకుంటే అక్కడితో అయిపోయినట్టే. రాసేటప్పుడు పెరుగుదల కూడా రాయించండి, 2025లో ఒక కేసులో సుప్రీంకోర్టు నెలకి 50 వేలు ఇస్తూ రెండేళ్ళకోసారి 5 శాతం పెంచమంది, అది మంచి నమూనా.

ఎంత అడగాలి అంటే, 2017లో ఒక తీర్పులో భర్త నికర జీతంలో 25 శాతం న్యాయం అన్నారు, లాయర్లు బేరం అక్కడే మొదలుపెడతారు, కానీ అది అన్ని కేసులకీ రూలేం కాదు. అలాగే భర్త ఎంత సంపాదిస్తే అంతకి సమానం చెయ్యడం భరణం పని కాదని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ముస్లిం మహిళలు కూడా నెలవారీ మెయింటెనెన్స్ అడగొచ్చని 2024 జులైలో తేల్చిన కేసు కూడా మన తెలంగాణదే.

పిల్లల ఖర్చు మాత్రం దీంట్లో కలపొద్దు. అది పిల్లల హక్కు, "ఏకమొత్తంగా తీసుకున్నాను, పిల్లల కోసం ఇక అడగను" అని తల్లి రాసినా ఆ హక్కు పోదు. స్కూల్ ఫీజు నేరుగా స్కూల్‌కి, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం నేరుగా కంపెనీకి కట్టేలా రాసుకుంటే డబ్బు చేతులు మారడం గురించి గొడవలు సగం తగ్గుతాయి.

మ్యూచువల్‌గానా, పోట్లాడా

దీని గురించి ఎక్కువ రాయను. ఏడాది విడిగా ఉన్నాక హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద మ్యూచువల్‌కి వెయ్యొచ్చు, మొదటి మోషన్ తర్వాత ఆరు నెలలు ఆగాలి, అన్నీ తేలిపోయి ఉంటే ఆ ఆరు నెలలు కోర్టు మాఫీ చెయ్యొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పోట్లాడితే ఏళ్ళు పడుద్ది, ఆ ఏళ్ళంతా ఈఎంఐ ఎవరో ఒకరు కట్టాల్సిందే. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో, ఆస్తులు దాచేస్తున్న ఇంట్లో మాత్రం మ్యూచువల్ అని బతిమాలుతూ కూర్చోవద్దు, కేసు వెయ్యండి, అఫిడవిట్ వేయించండి. ఆడవాళ్ళకి జీతంతో సంబంధం లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీ నుంచి ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది, వెళ్ళి అడగండి.

పెద్దమనుషుల్లో కూర్చుని వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద "ఇకనుంచి మాకు సంబంధం లేదు" అని రాసుకుంటే విడాకులు అవ్వవు, ఆచారం ఉందని నిరూపించగలిగిన కొన్ని కులాల్లో తప్ప. ఆ కాయితం మీద రాసిన పొలం పంపకం కూడా రిజిస్టర్ కాకపోతే హక్కు మార్చదు. పెద్దమనుషులు మాట ఒప్పించడానికి పనికొస్తారు, మా దగ్గరా మా మేనమామ వల్లే బంగారం విషయం చల్లబడింది, కానీ మాట అయ్యాక కాయితం కోర్టులోనే పుట్టాలి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక్క మాట. కాలిఫోర్నియా, టెక్సాస్‌లో పెళ్ళయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అనే లెక్క, న్యూజెర్సీలో కోర్టు న్యాయం అనిపించినట్టు పంచుద్ది. కానీ అక్కడి డిక్రీ తెచ్చి కోకాపేట్ ప్లాట్ మీద అమలు చెయ్యమంటే ఇక్కడ కుదరదు, తిరుపతిలో పెళ్ళయి మిస్సోరీలో డిక్రీ తెచ్చుకున్న వై. నరసింహారావు కేసులో 1991లోనే సుప్రీంకోర్టు విదేశీ విడాకులకి గట్టి షరతులు పెట్టింది. ఇక్కడి ఆస్తికి ఇక్కడే వేరే సెటిల్‌మెంట్, ఇక్కడే రిజిస్ట్రేషన్ పెట్టుకోండి.

డబ్బు డీడీల రూపంలో, సగం మొదటి మోషన్ రోజు, సగం రెండో మోషన్ రోజు జడ్జి గారి ముందు చేతులు మారేలా రాసుకోండి, డీడీ నంబర్లు ఆర్డర్‌లో ఎక్కించమని అడగండి. డిక్రీ సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసుకోండి. పీఎఫ్‌లో, టర్మ్ ఇన్సూరెన్స్‌లో, బ్యాంకుల్లో నామినీ పేరు ఆ వారమే మార్చుకోండి. రెండు నెలలాగి సిబిల్ రిపోర్ట్ తీసి పాత హోమ్ లోన్ మీ పేరు మీద క్లోజ్డ్ అని ఉందో లేదో చూసుకోండి, ఫ్లాట్‌కి కొత్తగా ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయినవన్నీ చూపించే కాయితం, తీసి రిలీజ్ డీడ్ నంబర్ ఎక్కిందో లేదో చూసుకోండి. నా ఈసీలో ఎక్కడానికి మూడు వారాలు పట్టింది, సిబిల్‌లో నా పేరు పోవడానికి మాత్రం పద్నాలుగు నెలలు, మొదట బ్యాంకుకి వెళ్ళనందుకు.